అన్నిటికీ అయిదే

హలో… ఆ, నేనే. రాదిసావ్‌ని.

ఎవరూ?

వెరిత్సా… ఏ వెరిత్సా? మిల్లు వాళ్ల అమ్మాయివా?

— ఆహా. పట్నం నుంచా. ఆరోగ్య శాఖ.

చెప్పమ్మా. కాస్త మెల్లిగా. మా ఆవిడ పడుకుంది.

… అవును, పొద్దున వెళ్లాం. కింద రోడ్డు మీది అత్యవసర క్లినిక్కే. చీటీ లేకుండా ఎవరొస్తే వాళ్లని చూస్తారే, అది. స్తమెనాని తీసుకెళ్లా. నా భార్య.

ప్రశ్నలా?

… అయితే అయిదు.

… నువ్వేం అడిగినా అయిదే. ఒకటి నుంచి అయిదు దాకా అన్నావుగా. అయిదు మంచిదా, ఒకటి మంచిదా? … ఆ. అదే. అన్నిటికీ అయిదే వేసుకో.

లేదు, నాకేం తొందర లేదు. అడుగు మరి. నీ పని నువ్వు చెయ్యి.

… గదులు శుభ్రమే. అయిదు.

… కూర్చోబెట్టారు. అయిదు.

ఎంతసేపని అంటే ఏం చెప్పను. మా ముందు ఒకతను రంపంతో కాలు కోసుకుని వచ్చాడు. అతనికి కుట్లు వేశారు. తర్వాత ఒక పాప ముక్కులో చిక్కుడు గింజ దూర్చుకుంది. అది తీశారు. ఆ తర్వాత మేం. అంతసేపు.

మర్యాదగా మాట్లాడారా…

…

మాట్లాడారు.

ఆగలేదమ్మా, ఊపిరి తీసుకున్నా. అయిదు.

— ఎవరూ నేర్పలేదు.

… ఊళ్లో అందరూ అయిదే చెప్తున్నారా? మంచిదేగా. బాగుంది కాబట్టి చెప్తున్నారు.

… మా పక్కింటి ల్యుబిషా నీకెలా తెలుసు?

వాడికీ చేశావా ఫోను. వాడు చెప్పేశాడా! ఊరందరికీ అయిదు చెప్పమని తిరిగింది వాడే. తిరిగినవాడే చెప్పేశాడా? వెర్రివెధవ.

… సరే. తెలిసిపోయిందిగా. ఇంక దాచేదేముంది. మార్కులు తక్కువొస్తే ఆ క్లినిక్కు మూసేస్తారట కదమ్మా. మూస్తే మేం కొండ దాటి పోవాలి. ఈ సందులో కారున్నది ఒక్క ల్యుబిషాకే. అది ఒక పూట కదిలితే రెండు పూటలు కదలదు.

… బాగు చెయ్యడానికా.

బడి కూడా బాగు చేస్తామనే వచ్చారు. ఇప్పుడందులో మేకలున్నాయి.

… నిన్ననడం లేదమ్మా. నువ్వెవరో నాకేం తెలుసు. అడుగు.

కళ్లు తిరిగి పడింది. వంటింట్లో. … పొద్దునే. పుచ్చకాయ తొక్కలు పాకం పడుతోంది. … ఆ, స్లాత్కోనే. చలికాలం పండక్కి ఇంటికొచ్చినవాళ్లకి చెంచాడు పెట్టాలిగా. నువ్వు చెయ్యవా? … కొంటావా. కొన్నది గుమ్మంలోనే తెలిసిపోతుందంటుంది మా ఆవిడ.

ఉపవాసం కూడా. దేవమాత పండగ దాకా. … నేనుండను. ఆవిడే ఉంటుంది, ఇద్దరికీ కలిపి.

… ఉంది. షుగర్ ఉంది. చాలా ఏళ్ల నుంచి. బిళ్లలే. … వేసుకుంది. … లేదు, తినలేదు. పాకం దించాక తింటానంది.

పడ్డాక ఏం చేస్తాం. ఎవరైనా చేసేదే చేశా. కణతలకి రాకియా సారా రుద్దా. గ్లాసులో చక్కెర వేసి, నీళ్లు కలిపి తాగించా. మా అమ్మ చేసేది, మీ అమ్మ కూడా చేసే ఉంటుంది.

… ఆ, తాగాక కాస్త తేరుకుంది. కారు తెచ్చిన ల్యుబిషాని చూసి, వాడి చెప్పులు బయట విప్పించమంది.

…

ఏం లేదు.

ఏం లేదన్నానుగా.

… దానికే తిట్టారు. చక్కెర నీళ్లకి. ఆ డాక్టరు, కుర్రాడే. షుగర్ మనిషికి చక్కెర పోస్తావా, చంపుదామనుకున్నావా అన్నాడు. అందరి ముందు. కాలు కుట్టించుకున్నతను కూడా తలెత్తి చూశాడు.

వద్దు వద్దు. మర్యాదకి అయిదే ఉండనీ. అది కొట్టెయ్యకు. తప్పు నాది. తప్పు చేసినవాణ్ని తిడితే మర్యాద తగ్గినట్టా?

… వేలు గుచ్చారు. యాగొదా గుచ్చింది. నర్సు. మా పక్క సందు పిల్లే. మిషన్‌లో పెద్ద అంకె వచ్చింది. … అంకె గుర్తులేదు. డాక్టరు మొహం గుర్తుంది. మళ్లీ గుచ్చమన్నాడు. పక్క వేలు. ఇంకా పెద్దదొచ్చింది.

… ఆ, అదే చెయ్యి. కుడిది.

ఇన్సులిన్ సూది వేశారు. … ఎంత వేశారో నాకేం తెలుసు. కాసేపు పడుకోబెట్టారు. ఈలోగా గుండె నొప్పని ఒకామెని మోసుకొచ్చారు. మంచం కావాలన్నారు. మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు.

… పంపే ముందు మళ్లీ గుచ్చారా? … లేదు. … ఆ మంచం మీద ఇంకొకరున్నారు కదమ్మా అప్పటికే.

అయిదు వేసుకో.

ఏం చెప్పి పంపారా… తీపి ముట్టుకోవద్దన్నారు. ఇంకా ఏదో అన్నారు. తినమన్నారో వద్దన్నారో. నాకు తీపి వద్దన్నదే వినపడింది. కాగితం కూడా ఇచ్చారు. … చదవలేదు. ఇంట్లో ఉన్నది ఒకే కళ్లజోడు. అది ఆవిడది. ఆవిడ పడుకుంది.

… ఇంకా ఉన్నాయా ప్రశ్నలు?

గుచ్చే ముందు వేలు శుభ్రం చేశారా… అయిదు.

… చెల్లదా? ఎందుకు చెల్లదు?

అవునా కాదా అని చెప్పాలా.

…

ఆగమ్మా. గుర్తు తెచ్చుకోనీ.

కుట్లయినా ఇంకా అరుస్తున్నాడు, కాలతను. యాగొదా అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది. ఒక్కతే ఉంది. వచ్చి, మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ‘ఏంటి పిన్నీ, చెయ్యంతా జిగట’ అని నవ్వింది. నవ్వి గుచ్చింది.

… తుడవలేదు.

రాయకు. ఆ పిల్ల మంచిది. పాపం, ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకామె కాన్పుకి వెళ్లింది. రాయకమ్మా.

… జిగట ఎందుకంటే… పాకమే. తీగపాకం చూస్తారుగా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య లాగి. తీగ వస్తే దించాలి. అది చూస్తూ చూస్తూనే పడింది. … పక్క వేలికి కూడా ఉంటుంది మరి, గరిటె అంచు నుంచి తీసేది ఆ వేళ్లతోనే.

ఎక్కడ కడుగుతాం? ఎత్తి కార్లో వేశాం.

…

హలో.

హలో, ఉన్నావా? పోయిందా ఫోను?

… ఉన్నావా. ఇంటికొచ్చాక ఏం చేసిందనా?

… వచ్చి పడుకుంది. నేను కంచాలు కడిగా. మిరప మొక్కలకి నీళ్లు పెట్టా. అప్పట్నుంచీ నిద్రే. … ఏం తినలేదు. పెట్టలేదు నేను. … గురక వినిపిస్తోంది ఇక్కడికి. ఎప్పుడూ పెట్టదు గురక. అలిసిపోయింది.

లేపాలా? పడుకోనీ అమ్మా. పొద్దున్నుంచీ దాని ప్రాణం—

… సరే. అరవకు. వెళ్తున్నా.

ఈ ఫోను తీగ గది దాకా రాదు. ఇక్కడ బల్ల మీద పెడుతున్నా. నువ్వు పెట్టెయ్యకు.

స్తమెనా… స్తమెనా, లే. పట్నం నుంచి ఎవరో అమ్మాయి… స్తమెనా!

ఏమే! ఇటు చూడు. ఇటు!

…

హలో. లేవట్లేదు.

ఊపిరి ఉంది. ఉంది. తడిసిపోయింది ఒళ్లంతా, దిండు పిండితే నీళ్లొస్తాయి. ఎండకే అనుకున్నా… కానీ చల్లగా ఉంది. రాయిలా చల్లగా.

… కళ్లు తెరిచింది ఒకసారి. నన్ను చూసి నాన్నా అంది. … నన్ను కాదు, వాళ్ల నాన్న. ఆయన పోయి ఎన్నేళ్లో అయింది. అని మళ్లీ మూసేసింది.

ఏంటిది? ఏమైంది దానికి? చెప్పు.

… తీపి పెట్టాలా?

వద్దు.

వద్దమ్మా. నువ్వు ఫోన్‌లో ఉన్నావు. నీకు కనపడదు. ఆ డాక్టరు నా మొహం మీద చెప్పాడు, తీపి ముట్టిస్తే చస్తుందని.

… నువ్వు డాక్టరువా?

నర్సువా. చేసేదానివా, ఇప్పుడు కూడా చేస్తున్నావా? … చేసేదానివి. ఇప్పుడు ప్రశ్నలు అడుగుతావు.

నేనెట్లా నమ్మేది.

చక్కెర లేదు ఇంట్లో. … లేదంటే లేదు! ఇచ్చేశా. డబ్బాతో సహా ల్యుబిషాకి ఇచ్చేశా, తేనె కూడా. ఇంట్లో ఉంటే నా చెయ్యి మళ్లీ దాని మీదికే పోతుందని. ఒకసారి చంపబోయా. మళ్లీ ఈ చేత్తోనే—

…

ఏంటీ?

మళ్లీ చెప్పు. మెల్లిగా చెప్పు.

… చక్కెర నీళ్లే లేపాయా. పొద్దున.

బిళ్ల వేసుకుని తినలేదు కాబట్టి… షుగర్ పడిపోయి పడిందా? ఎక్కువై కాదా?

మరి ఆ అంకె? రెండుసార్లు వచ్చిందే.

… వేలి మీది పాకానిదా.

రక్తానిది కాదా.

లేని చక్కెరకి సూది వేశారా దానికి!

… ఆ. ఆ. విన్నా. తర్వాత తిడదాం. ఏం చెయ్యాలో చెప్పు.

ఉంది. తీపి ఉంది. పాకమే ఉంది, గిన్నెలో. పొయ్యి ఆర్పి మూత పెట్టా, పారబొయ్యడానికి మనసు రాలేదు. … పొయ్యకూడదా నోట్లో? … సరే, పొయ్యను. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వేలితో తీసి చిగుళ్లకి రాయాలి. బుగ్గ లోపల. కొంచెం కొంచెం. … అర్థమైంది. అర్థమైందమ్మా.

అంబులెన్సు నువ్వు పిలువు. ఇంకో ఫోనుందా? … ఎక్కడి నుంచొస్తుంది? ఆ క్లినిక్కు నుంచేనా. అయితే అక్కడి నుంచే రమ్మను! పాల డిపో దాటాక ఎడమకి, ఆకుపచ్చ గేటు. కుక్క ఉందని రాసుంటుంది. లేదు, చచ్చిపోయింది. భయపడొద్దని చెప్పు.

వెళ్తున్నా.

ల్యుబిషా! ఒరేయ్ ల్యుబిషా! కిటికీ దగ్గరికి రా! … చక్కెర తీసుకురా! … నా చక్కెరే, పొద్దున ఇచ్చిందే! … నీకెందుకురా ఇప్పుడు కారణం, పరుగెత్తు! చెప్పులతోనే రా!

…

హలో… ఉన్నావా. తిప్పి పడుకోబెట్టా. రాశా. పళ్లు బిగబట్టింది, బుగ్గలోకి దూర్చా. కొరికింది.

— నన్నే. వేలు. రక్తమొచ్చింది.

… మంచిదా? కొరకడం మంచిదంటావా.

లేదు, ఇంకేం లేదు. కళ్లు తెరవలేదు. … మళ్లీ రాయాలా. ఎంత రాయాలి? … రాస్తూనే ఉండాలి. సరే.

నువ్వు మాట్లాడుతూ ఉండమ్మా. నాకు వినపడకపోయినా ఫర్వాలేదు. ఆ గొంతు అక్కడ ఉండనీ.

స్తమెనా… ఇదిగో. నీ పాకమే. నాకు. నాకవే, చిన్నపిల్లలా. … మింగు. … ఆ. … మింగావా? మింగావే!

ల్యుబిషా, గుమ్మంలో నిలబడి ఏడవకు. చక్కెర కలుపు నీళ్లలో. గోరువెచ్చగా. ఇంకా పొయ్యొద్దంటోంది పట్నం అమ్మాయి, లేచాకే. కలిపి పెట్టు.

ఏయ్. ఇటు. నన్ను చూడు. నేనెవర్ని?

…

హలో! హలో అమ్మా!

పెదవులు నాక్కుంది. నాలుక తిప్పింది. నేనెవర్నే అని అడిగా.

… చెప్పలేదు. నా పేరు చెప్పలేదు. తీగ రాలేదు అంది.

తీగ. పాకానికి. ఇంకా తీగ రాలేదు, ఎవరు దించమన్నారు అంది!

… నవ్వుతున్నావా? నువ్వు ఏడుస్తున్నావా నవ్వుతున్నావా, ఇక్కడ ఒకడు రెండూ చేస్తున్నాడు.

ఆ, కూర్చోబెడుతున్నాడు ల్యుబిషా. … మింగుతోంది. బాగానే మింగుతోంది. ఇప్పుడు నీళ్లు ఇవ్వచ్చా? … గుక్కగుక్కగా. సరే. … ల్యుబిషా, ఇవ్వు. గుక్కగుక్కగా అట! దానికి గ్లాసు ఇవ్వకు, నువ్వే పట్టుకో!

తర్వాత రొట్టె కూడా పెట్టాలా? … పెడతా. ఉపవాసమంటే వినను. … వెళ్లాలా క్లినిక్కుకి? మళ్లీ పడిపోవచ్చా. సూది ఇంకా లోపల పని చేస్తూ ఉంటుందా. … సరే, పంపుతా. నేనూ పోతా.

… ఏమంటోందా? వాణ్ని తిడుతోంది. చెప్పులతో గదిలోకి వచ్చాడని. … అవును. నన్ను కూడా. గిన్నెలో చెయ్యి పెట్టానట, ఎంగిలి చేశానట, ఇంక పండక్కి ఎవరికి పెడతావు అంటోంది.

…

కూర్చుంటా కాస్త. స్టూలు లాక్కోనీ.

… ఆ.

అమ్మా. ఆ అయిదులు ఏం చేశావు?

వేశావా? పెన్సిలా, పెన్నా?

… పెన్సిలే అయితే మంచిది.

నేను రాయొద్దంటే నువ్వు మానేస్తావా ఇప్పుడు? … మానవు. అదే అనుకున్నా. … లేదు, ఆపడం లేదు.

రాస్తే మూసేస్తారా?

… తెలీదా.

తెలీదని చెప్పావు చూడు. బాగు చేస్తామని వచ్చినవాళ్లు ఎవరూ తెలీదనలేదు మాకు.

అయితే రాయి. వేలు తుడవలేదు. పంపే ముందు మళ్లీ చూడలేదు. ముసలాణ్ని అందరిలో తిట్టారు — అది కూడా రాయి. దానికి అయిదు నేను కావాలనే చెప్పా. నిజానికి అది… ఆ మాట పొద్దున్నుంచీ చెవిలోనే ఉంది. చక్కెర డబ్బా ఇంట్లో ఉంచుకోలేకపోయా, దానివల్ల.

కానీ ఇంకొకటి కూడా రాయి. ఉన్నది ఒక్క నర్సు అని. ఒక్క మంచం అని. కాలు కుట్టారు, గింజ తీశారు, గుండె నొప్పామెని కూడా చూశారు. ఆ తలుపు మూసుంటే ఇప్పుడు నువ్వు పిలిచిన బండి ఎక్కడి నుంచి వచ్చేది? … దానికి ప్రశ్న లేదా నీ దగ్గర? … అయితే పక్కన ఖాళీలో రాయి. ఖాళీ ఉంటుందిగా ఏదో మూల.

… వస్తోంది. హారను. డిపో దగ్గరుంది. … ఏం, ఆగారేంటి? ల్యుబిషా, కుక్క బోర్డు చూసి గేటు దగ్గరే ఆగారు! పోయి తియ్యి!

ఉండమ్మా, పెట్టెయ్యకు.

… యాగొదానే వచ్చింది. డాక్టరు కూడా. పెట్టె వాడే మోసుకొస్తున్నాడు. మొహం చూస్తే వాడికి కూడా చక్కెర నీళ్లు కలపాలి.

ఇటు, లోపల. ఆ, తెలివిలోనే ఉంది. మాట్లాడుతోంది. మీరు వద్దన్నదే పెట్టాం డాక్టరుగారూ. … తర్వాత. అవన్నీ తర్వాత. ముందు చూడండి.

యాగొదా. ఏడవకు తల్లీ.

మిషను తర్వాత తియ్యి. సబ్బు అదిగో, కొళాయి దగ్గర. గిన్నెలో నీళ్లు తెచ్చుకో. … రెండు చేతులూ. దానివి. ఇప్పుడు నా చేతి జిగట కూడా అంటుకుంది దానికి. వేళ్ల సందుల్లో కూడా. ఆ.

… హలో. వెరిత్సా. ఉన్నావా.

ఇందాక నువ్వడిగావే, అయిదు చెల్లదన్నావు, ఆ ప్రశ్న. … ఆ, అదే. దానికి రెండు జవాబులు రాసుకో. పొద్దున — లేదు.

ఇప్పుడు…

ఆగు. చూస్తున్నా.

… కడుగుతోంది. డాక్టరు నీళ్లు పోస్తున్నాడు.

తుడిచింది. గుడ్డ కొత్తది తీసింది. గుచ్చుతోంది.

ఇప్పుడు — అవును.

పెట్టేస్తున్నానమ్మా. మా ఆవిడ పిలుస్తోంది. నా పేరు పెట్టి పిలుస్తోంది.